టీతో పాటు ఒక బిళ్ళ

ఆపిల్ పళ్ళు తెచ్చాడు. కవరు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించుకుని, నాకు ఎదురుగా ఇనప కుర్చీలో బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు జక్కయ్య బాబాయ్. తుంటి ఎముక విరిగి పక్కకు ఒత్తిగిలలేని మనిషికి, ముందు పళ్ళు ఊడిపోయి అన్నమే పిసుక్కుని మింగే మనిషికి, ఆపరేషన్ కోసం రాత్రి నుంచి నోట్లో ఏమీ వేయకూడని మనిషికి ఆపిల్ పళ్ళు. గురజాల మిర్చి కల్లంలో ఇన్నేళ్ళు తన కింద కాయలు ఏరిన మా అమ్మ హజ్రా బీ ఏం తినగలదో ఈ మేస్త్రీకి తెలియదు, ఎన్ని బస్తాలు ఏరగలదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వచ్చినవాణ్ణి పొమ్మనలేక కూర్చోబెట్టాను. మా అమ్మ బాగోగులు కనుక్కోవడానికి గురజాల నుంచి నరసరావుపేట దాకా బస్సెక్కి వచ్చిన మనిషి ఇతనొక్కడే, అదీ నా ఖర్మ. ఎదురుగా ఆపరేషన్ గది తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. అది మా అమ్మ కోసం కాదు, ముందు వెళ్ళిన కాన్పు కేసు కోసం. అమ్మను ఆ తలుపు అవతల చిన్న గదిలో స్ట్రెచర్ మీద ఉంచారు, పిలుపు రావాలి. గుండె అంతంత మాత్రం, కిడ్నీలు అలిసిపోయి ఉన్నాయి, ఎముక అతకడం పెద్ద పని కాదు, మనిషి నిద్ర లేవడమే పెద్ద పని అని నిన్న చెప్పారు. ఇక్కడ కూర్చుని ఆ మాటే నములుతున్నాను.

చెప్పింది ఎముకల డాక్టరు కాదు. ఆయనకు చెప్పే తీరిక ఎక్కడిది? బయట బోర్డు మీద ఆయన పేరూ చదువులూ బొమ్మా మేడంత ఎత్తున ఉన్నాయి. చెప్పినామె పేరు ఆ బోర్డులో ఏ మూలా లేదు. డాక్టర్ ఝాన్సీ. నర్సులు కూడా పేరు పెట్టి పిలవరు, మత్తు మేడమ్ అంటారు. మా అన్న ఐజాజ్ అయితే ఆమె ఎదుటే అనేశాడు, "నిద్రపుచ్చటానికి కూడా ఒక డాక్టరు ఎందుకమ్మా, సూది పొడిస్తే సరిపాయెగా" అని. ఆమె నవ్వి ఊరుకుంది గానీ నాకు ఒళ్ళు మండింది. మంచం పక్కన స్టూలు లాక్కుని మా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్న డాక్టరు ఆమె ఒక్కతే. "ఎముక సంగతి సారు చూసుకుంటారు, మిగతా మనిషిని నేను చూసుకోవాలి" అంది. నిద్రపుచ్చడం తేలికేనట. నిద్రలో బీపీ పడిపోకుండా, గుండెకూ కిడ్నీలకూ నెత్తురు తగ్గకుండా కాపు కాయడమే కష్టమట. కోత పడగానే ఒళ్ళంతా లోపల బెదిరిపోతుందట, మనిషికి తెలియకపోయినా ఒంటికి తెలుస్తుందట. రక్తనాళాల లోపలి వైపు ఒక పల్చటి పొర ఉంటుందని, ఆ బెదురుకు ముందు దెబ్బతినేది అదేనని చెప్పింది. మత్తుకు వాడే గ్యాసుల్లో కొన్నిటికి ఆ పొరనూ గుండెనూ కొంత కాపాడే గుణం ఉందని పరిశోధనలు చేసేవాళ్ళు అంటున్నారట. "కొన్నిట్లో కాపాడినట్టు కనపడింది, కొన్నిట్లో కనపళ్ళేదు. ఖాయంగా కాపాడుద్దని నేను మీకు మాటివ్వలేను" అని కూడా ఆమే అంది. మా అమ్మ నడుము వంగి బిగుసుకుపోయి వెన్నులోకి సూది పోవడం కష్టం కాబట్టి పూర్తి మత్తే ఇస్తామంది.

నాకు అప్పుడు కల్లం గుర్తొచ్చింది. గలగలా ఎండిన మిరపకాయను ఎండినట్టే బస్తాలో తొక్కితే పెళపెళా పగిలి గింజలు రాలిపోతాయి, ధర పోతుంది. అందుకని తొక్కే ముందు నీళ్ళు చిలకరిస్తారు. కాయ మెత్తబడి సాగుతుంది, ఎంత తొక్కినా తోలు పగలదు. దెబ్బ పడకముందే ఒంటిని మెత్తబరచడం, మత్తంటే ఇదా అనుకున్నాను. ఆ నీళ్ళే కదా. కాయలకు చిలకరించిన నీళ్ళు టార్పాలిన్ పట్టా మీద మడుగు కడితే, చీకటిలోనే పనికి దిగిన మా అమ్మ దాని మీద కాలు జారి పడింది. మిరపకాయ పగలకూడదని నీళ్ళు చల్లే తెలివి ఉంది వీళ్ళకు, ఆ నీళ్ళలో ముసలామె ఎముక పగులుతుందన్న తెలివి లేదు. పడ్డదాన్ని లేపి పక్కన గోనెల మీద కూర్చోబెట్టి, పని అయ్యాక ఆటోలో పంపించారు. పని అయ్యాక! ఇంటికొచ్చాక మా అన్న కట్టు కట్టే ఆయన్ని పిలిచాడు. ఆయన కాలు పట్టుకు లాగాడు, గుడ్డుసొనా గుడ్డా చుట్టాడు, ఆకు పసరు పోశాడు. నేను మాచర్లలో మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటున్నాను, నాకు కబురు చేసిన నాథుడు లేడు. ఎప్పటికో కబురు అందాక వెళ్ళి చూస్తే ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి, మనిషి గోడ వంక చూస్తూ పడుకుని ఉంది. ఆపరేషన్ చేయించాలన్నానని వీధంతా నాకు హితబోధ. ఈ వయసులో కోతలేందే, మత్తులోనే పోద్ది, గుండె ఆగుద్ది, నాలుగు రోజులు మంచాన ఉండి పోతే పోయింది, కళ్ళ ముందన్నా ఉంటది. కల్లంలో తాలు కాయను వేరుచేసి పక్కకు విసిరినట్టు, ఊపిరి ఉన్న మనిషిని పక్కకు విసిరేశారు. ఇదే మా నాన్నకు విరిగి ఉంటే అంబులెన్సులో గుంటూరు తీసుకుపోయేవాళ్ళు, అది నాకు తెలుసు.

అందరిదీ ఒకటే మాట, ఓర్చుకోవే. అమ్మను చిన్నప్పటి నుంచీ మెచ్చుకున్నది కూడా అందుకే, హజ్రా బీ ఓర్పు గల మనిషి అని. ఆ మెప్పు ఎవరికి కావాలి? ఆమె చేతులు ఎవరైనా చూశారా? కాయలు ఏరి ఏరి వేళ్ళు మంట, ఎన్ని సార్లు సబ్బుతో కడిగినా, మజ్జిగలో ముంచినా పోని మంట. నేను ఏడిస్తే చేత్తో కళ్ళు తుడిచేది కాదు. మోచెయ్యి వంచి, ఆ లోపలి మడతతో తుడిచేది. అమ్మలందరూ అలాగే తుడుస్తారని అనుకునేదాన్ని. బడిలో పక్కపిల్లను వాళ్ళమ్మ అరచేత్తో బుగ్గలు నిమరడం చూసి, ఈమెకు చెయ్యి మండదా అనుకున్నాను. ఎందుకిప్పుడిది? ఆ తలుపు అవతల అమ్మకు చలిగా ఉందేమో. పచ్చ గౌను వేశారు, వెనక ముడులు సరిగ్గా పడలేదు, నేను కట్టబోతే నర్సు పర్లేదులే అంది. పర్లేదులే అనడానికి నీదా ఒళ్ళు? నా కాన్పప్పుడూ ఇంతే. నొప్పులకు గింజుకుంటుంటే ఒక ఆయమ్మ, "అందరూ కనట్లా, నువ్వేమన్నా కొత్తగా కంటున్నావా" అంది. పక్కన అమ్మ నిలబడి నా నుదురు మోచేత్తో ఒత్తుతూ, "ఓర్చుకో తల్లీ" అంది. అమ్మ మీద కూడా కోపం వచ్చింది అప్పుడు. ఓర్చుకోవడం తప్ప ఇంకొకటి చెప్పడం ఆమెకు ఎవరు నేర్పారు గనక? కాకి ముక్కుకు ఎద్దు పుండు నొప్పి తెలియదంటారు. తెలియకపోతే పోనీ, ఎద్దు కూడా నొప్పి లేదని చెప్పే దాకా తెచ్చారు.

నిన్న అమ్మ కూడా అలాగే చెప్పింది. డాక్టర్ ఝాన్సీ రక్తపరీక్ష కాగితం చూసి, "కిడ్నీలు ఇట్టా ఎందుకయినయ్ పెద్దమ్మా, షుగరు కూడా లేదే. నొప్పుల బిళ్ళలు ఏమన్నా వాడేదానివా" అని అడిగింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా. జొరం బిళ్ళ కూడా ఎరగను. అల్లా దయ." డాక్టరు రెండోసారి అడిగింది, మెల్లగా. ఏ గ్యాసు ఏం కాపాడినా కాపాడకపోయినా, నిజం తెలిస్తేనే నేను కాపాడగలను అంది. అమ్మ అప్పుడు నా వైపు కాదు, ఐజాజ్ అన్న వైపు చూసింది. అన్న ఫోను చూసుకుంటున్నాడు. అమ్మ మళ్ళీ లేదంది. ఎందుకు చూసింది అన్న వైపు? నిన్నటి నుంచి ఆ చూపు చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. లోపల ఎక్కడో పసిబిడ్డ ఏడుపు. అంటే కాన్పు అయింది, ఇక కుట్లు వేస్తారు, ఆ తర్వాత మా అమ్మే. తల పగిలిపోతోంది. కణతలు నొక్కుకున్నాను.

"తలనొప్పా అమ్మా నజీమా?" జక్కయ్య బాబాయ్ కుర్చీలో ముందుకు వంగాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి బిళ్ళల అట్ట ఒకటి తీశాడు, చూడకుండానే, బీడీ కట్ట తీసినంత అలవాటుగా. "ఇది ఏసుకో, చిటికెలో పోద్ది. మీయమ్మ ఇదే ఏసుకునేది."

"మా అమ్మా?"

"ఆఁ. కల్లంలో ఆడోళ్ళందరూ ఏసుకునేదేగా. మజ్జానం టీతో పాటు తలా ఒకటి ఇస్తాం. నడుం పట్టకుండా పొద్దుగూకిందాకా కూసుంటారు. మీయమ్మకి ఈ మజ్జ రెండు ఇస్తున్నా, మోకాళ్ళు అంటే." గొంతులో ఎక్కడా తప్పు చేసినవాడి బెదురు లేదు, పైగా మేలు చేసిన మనిషి చనువు ఉంది. "నేనూ ఏసుకుంటాగా, ఏం కాదు. ఇందాక పొద్దున వార్డులో చూసొచ్చినప్పుడు గూడా ఒకటి మింగిచ్చా. పాపం చానా నొప్పి అంటుంటే చూళ్ళేకపోయా."

ఇవాళ పొద్దున. నేను సంతకానికి కిందికి వెళ్ళినప్పుడు. ఏమీ నోట్లో వేయకూడదని తలవైపు గోడకు అట్ట వేలాడదీసినా. టీతో పాటు ఒక బిళ్ళ. పశువుకు కూడా నాగలి దింపాక గడ్డి వేస్తారు, వీళ్ళు నాగలి దింపకుండా ఉండటానికి బిళ్ళ వేశారు. ఇన్నేళ్ళ పాటు మా అమ్మ నొప్పి గురించి పట్టించుకున్న లోకం ఇదన్నమాట, నొప్పి తీసింది ఆమె కోసం కాదు, బస్తా నిండడం కోసం. లోపల కిడ్నీలు ఎండిపోతున్నా చెప్పడానికి మిగిలింది ఆ నొప్పొక్కటే, దాని నోరు కూడా టీ నీళ్ళతో మూసేశారు. తెల్లారకముందే మా సందు చివర రేకు గేటు మీద ఈయన కర్రతో కొట్టే చప్పుడు, ఢాంఢామని, పనికి ఆటో వచ్చిందని. ఆ చప్పుడుకు అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చునేది. పని లేని రోజు కూడా, ఎవరింట్లోనో గిన్నె పడ్డా, గుండె పట్టుకుని లేచేది. లేవగానే కాళ్ళు నేల మీద ఆనక గోడ పట్టుకునేది. మధ్యాహ్నానికి ఎలా సర్దుకునేవో ఇప్పుడు తెలిసింది. ఆ అట్ట నా చేతిలోకి ఎప్పుడు తీసుకున్నానో, ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు. ఎదురుగా ఐజాజ్ అన్న టీ గ్లాసులతో వస్తున్నాడు.

అట్ట చూడగానే అన్న మొహం మారింది. తెలుసన్నమాట. "నీకు తెలుసా" అని అడగవలసిన పని కూడా లేకపోయింది. నేను తలుపు వైపు నడుస్తుంటే అడ్డం వచ్చాడు. "ఏందే నువ్వు, చెప్పబాకు. కిడ్నీ అంటే ఈడ చెయ్యరు, గుంటూరు పొమ్మంటారు. ఆడెవుడు తిరుగుతాడు? అమ్మకి నేనే చెప్పా, అడిగితే లేదనమని. బిళ్ళలకి ఎవురన్నా చస్తారా?" అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు, తిరగలేనని, దుకాణం మూసుకోలేనని. అమ్మ పొద్దున్నే లేచి నీ దుకాణం ముందు ఊడ్చి నీళ్ళు చల్లి పనికి పోలేదా? ఆమె ఎప్పుడు మూసుకుంది? గట్టిగానే అన్నాను కాబోలు, వరండాలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. "అమ్మ లోపల నిద్రపోబోతోంది అన్నా. ఆమెను కాసేవాళ్ళకు నువ్వు కళ్ళకు గంతలు కట్టి పంపిస్తున్నావు" అని వాణ్ణి పక్కకు నెట్టాను. టీ ఒలికింది. అన్న చెయ్యి కాలింది. ఓర్చుకో, అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుందని నేనూ అనుకోలేదు.

తలుపు కొట్టాను. లోపలికి రాకూడదంది నర్సు. మత్తు డాక్టరుతో మాట్లాడాలన్నాను. ఇప్పుడు కుదరదంది. "డాక్టర్ ఝాన్సీ గారూ" అని కేక వేశాను, ఆ భవనంలో ఆ పేరును అంత గట్టిగా ఎవరూ పిలిచి ఉండరు. ఆమె మూతికి గుడ్డతోనే వచ్చింది. అట్ట చేతిలో పెట్టాను. రోజూ, ఈ మధ్య రెండు, ఇవాళ పొద్దున కూడా ఒకటి, నీళ్ళతో. అంతే చెప్పగలిగాను. ఆమె అట్ట తిప్పి చూసింది, ఎవరి మీదా అరవలేదు, ఎన్ని నీళ్ళు, ఎన్నింటికి అని అడిగింది, ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది. "రా" అని నా చేత చెప్పులు విప్పించి ఆ చిన్న గదిలోకి తీసుకుపోయింది.

అమ్మ స్ట్రెచర్ మీద ఇంకా చిన్నదైపోయి ఉంది. నన్ను చూసి, డాక్టరు చేతిలో అట్ట చూసి, కళ్ళు దించుకుంది. "చెప్పావా" అంది. డాక్టరు అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "పెద్దమ్మా, నిన్ను గుంటూరు పంపనులే. ఎముక ఎక్కువ రోజులు ఆగదు. ఇంకోసారి నెత్తురు చూసి, కొంచెం ఆగి, జాగర్తగా చేస్తాం. ఇక మీదట ఈ బిళ్ళ ఒక్కటి కూడా ముట్టుకోబాకు. నొప్పికి తొడ దగ్గర నరానికి మందు పెడతా, అది కిడ్నీల జోలికి పోదు" అంది. అమ్మ అదంతా వినలేదు. నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి గుసగుసగా, "కిడ్నీ అని జక్కయ్యకి తెలుస్తదా? తెలిస్తే మళ్ళా పనికి పిలవడు" అంది. చీల్చబోతున్నారు, గుండె ఉంటుందో పోతుందో తెలియదు, అమ్మ బెంగ ఇది. నిన్న డాక్టరుతో ఆడిన అబద్ధం అన్న కోసమేనా? కాదు, కల్లంలోకి మళ్ళీ రానివ్వరేమోనని. మోచెయ్యి వంచి ఆ మడతతో ఆమె కళ్ళు తుడిచాను. ఆమె దాన్ని గుర్తుపట్టింది. కాసేపు నా చెయ్యి వదలలేదు.

"ఎంతసేపు పడుకోనిస్తారు?" అని అడిగింది డాక్టరును.

"మా పని అయిందాకా. ఆ తర్వాత కూడా నీకు కావాల్సినంతసేపు."

అమ్మ నమ్మలేదు. నా వైపు తిరిగి, "ఏమే, లేపేటప్పుడు రేకు కొట్టొద్దని చెప్పవే. గుండె అదురుద్ది" అంది. డాక్టరుకు అర్థం కాలేదు. నేను చెప్పాను, గేటు, కర్ర, తెల్లవారుజాము. ఆమె లోపల అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ళ వైపు తిరిగి, "ఈమెని లేపేటప్పుడు ఎవరూ గట్టిగా అరవకండి. ట్రేలు చప్పుడు చేయకండి. నేనే లేపుతా" అంది.

బయటికి వచ్చాను. చాలాసేపటికి ఎర్ర లైటు మళ్ళీ వెలిగింది, ఈసారి మా అమ్మ కోసం. ఇప్పుడు ఆ గ్యాసు ఆమె ముక్కులోకి పోతూ ఉంటుంది, నెత్తురు గొట్టాల లోపలి పొరను తడిపి మెత్తబరుస్తూ ఉంటుంది, లేదా ఉండదు. ఖాయంగా తెలియదని డాక్టరే చెప్పింది, చెప్పింది కాబట్టే ఆమెను నమ్ముతున్నాను. ఏం కాదు అని ఖాయంగా చెప్పినవాళ్ళంతా బిళ్ళ ఇచ్చినవాళ్ళే. ఐజాజ్ అన్న చెయ్యి నీళ్ళ కింద పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు, నా వైపు చూడటం లేదు. జక్కయ్య బాబాయ్ లేచి వచ్చాడు. ఆపిల్ పళ్ళ కవరు నా పక్కన పెట్టాడు. మొహం నిజంగానే వాడిపోయి ఉంది. "ఏం కాదులే అమ్మా. మీయమ్మ గట్టిది. సీజన్ నాటికి లేచి తిరుగుద్ది" అన్నాడు.

సీజన్ నాటికి. ఇనప కుర్చీని పట్టుకుని గచ్చు మీద బరబరా ఈడ్చబోయి, అమ్మ మాట గుర్తొచ్చి ఆగాను. చప్పుడు కాకుండా రెండు చేతులతో ఎత్తి, మోసుకుపోయి, ఆ తలుపుకు అడ్డంగా వేసి, ఆయనకూ అన్నకూ ఎదురుగా తిరిగి కూర్చున్నాను. మా అమ్మ లేవాలి. ఆ డాక్టరు మెల్లగా పిలిస్తే, పడుకున్నంతసేపు పడుకుని, తనంతట తాను కళ్ళు తెరవాలి. అంతవరకూ ఆమెను ఇంకెవరు లేపుతారో నేనూ చూస్తాను.